శేషాచలం నుంచి పులికాట్ దాకా: చెట్లను, పక్షులను లెక్కించేవారి వెంట

మొదటి రోజు: తిరుపతి

2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాకు పడమటి అంచున శేషాచలం కొండలు, తూర్పు అంచున పులికాట్ సరస్సు ఉన్నాయి. ఆ కొండల్లో తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్లు ఉన్నాయి. ఆ సరస్సుకు ఏటా చలికాలంలో ఉత్తర ఆసియా నుంచి బాతులు, ఉల్లంకులు, గుజరాత్‌లోని కచ్ ఉప్పునేలల నుంచి రాజహంసలు వస్తాయి. రెండు చోట్లకూ మధ్య ఒక పూట ప్రయాణమే. అయినా కొండ మీద చెట్లను లెక్కించేవారి పుస్తకాలను సరస్సులో పక్షులను లెక్కించేవారు చూడటం గానీ, వీరి పుస్తకాలను వారు చూడటం గానీ అరుదు. సంక్రాంతి వెళ్లిన వెంటనే, నీటిపక్షుల గణన జరిగే రోజుల్లో, ఈ ఇద్దరి పనినీ ఒకే ప్రయాణంలో చూడాలని బయలుదేరాను. నాతో పాటు శేషాచలం మొక్కల మీద చాలాకాలంగా పనిచేస్తున్న ఒక వృక్షశాస్త్ర పరిశోధకుడు, ఏటా జనవరిలో పక్షుల గణనలో పాల్గొనే ఒక ఉపాధ్యాయిని ఉన్నారు.

తిరుపతిలో మొదటి పూటంతా ఎండు నమూనాల మధ్యే గడిచింది. మందపాటి కాగితం మీద కుట్టిన కొమ్మ, దాని పక్కన సేకరించిన తేదీ, చోటు, సేకరించినవారి పేరు మాత్రమే ఉండే ఈ నమూనాలను చూసి ఇందులో ఏముందని అనుకునేవారుంటారు. నిజానికి ఒక చెట్టుకు ముప్పు ఉందో లేదో తేల్చే వాదనంతా ఇలాంటి కాగితం నుంచే మొదలవుతుంది. ఫలానా లోయలో ఫలానా సంవత్సరంలో ఆ చెట్టు ఉండేదని చెప్పగల సాక్ష్యం ఇదొక్కటే. ఇప్పుడు ఆ లోయకు వెళ్లి చూసి, ఉందని గానీ లేదని గానీ రాస్తే అది రెండవ సాక్ష్యం అవుతుంది.

ఇలాంటి సాక్ష్యాలను ప్రపంచవ్యాప్తంగా కూడగట్టే పనిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, తన జాతుల మనుగడ కమిషన్ ద్వారా చేయిస్తోంది. ఆ కమిషన్ కింద 160కి పైగా నిపుణుల బృందాలున్నాయి, వాటిలోని సభ్యుల్లో అత్యధికులు జీతం లేకుండా పనిచేసేవారే. చెట్ల కోసం ప్రపంచ వృక్ష నిపుణుల బృందం 2003లో ఏర్పడింది. గూడబాతులకు, అంటే పెలికాన్లకు, ఒక బృందం, కొంగలు, కంకణాలు, తెడ్డుమూతి కొంగలకు కలిపి ఇంకొక బృందం ఉన్నాయి. పక్షుల స్థితిని తేల్చి, జాతులను ముప్పు స్థాయిని బట్టి వర్గీకరించే ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో చేర్చే బాధ్యత బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్‌ది. ఈ బృందాలు మొక్కలు నాటవు, కాపలా కాయవు. ఒక జాతి ఎంత మేర విస్తరించి ఉంది, ఎంత వేగంగా తగ్గుతోంది, ఆ తగ్గుదలకు కారణం ఇంకా కొనసాగుతోందా అన్న ప్రశ్నలను కొలతలతో నిలదీసి, వచ్చిన జవాబును బట్టి ఆ జాతి ఏ వర్గంలోకి వస్తుందో చెబుతాయి. తగ్గుదలకు కారణం ఆగకుండా ఉండి, మూడు తరాల కాలంలో సగానికి పైగా తగ్గిన జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా లెక్కిస్తారు. ఒక పక్షికి మూడు తరాలంటే కొన్ని దశాబ్దాలు. నిదానంగా పెరిగే చెట్టుకు మూడు తరాలంటే మనిషి ఆయుష్షును దాటిపోతాయి కాబట్టి, చెట్ల విషయంలో పాత నమూనాలకు అంత విలువ. 2024లో వెలువడిన ప్రపంచ వృక్ష అంచనా ప్రకారం, పరిశీలించిన 47,000కు పైగా వృక్షజాతుల్లో 38 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి.

రెండవ రోజు: మామండూరు అడవి

తిరుపతి నుంచి రైల్వే కోడూరు వెళ్లే దారిలో మామండూరు దాటిన తరువాత రోడ్డుకు రెండు వైపులా అడవి దగ్గరకు జరుగుతుంది. అనుమతి పత్రాలు చూపించి, ఒక అటవీ ఉద్యోగి వెంట లోపలికి నడిచాం. ఎర్రచందనాన్ని గుర్తుపట్టడానికి పరిశోధకుడు చెప్పిన గుర్తు బెరడు. ముదిరిన చెట్టు బెరడు పగిలి, మొసలి వీపులాగా నల్లని పలకలుగా ఉంటుంది. జనవరి కావడంతో ఆకులు రాలడం మొదలైంది, ఒక్కొక్క రెమ్మకు మూడేసి గుండ్రని ఆకులు అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. కొమ్మల నిండా చుట్టూ పలుచని రెక్క ఉన్న బిళ్లల్లాంటి కాయలు వేలాడుతున్నాయి.

నేల చూస్తే అక్కడ చెట్టు పెరగడమే విశేషం అనిపిస్తుంది. పైన వేలెడు మట్టి, కింద క్వార్ట్‌జైట్ రాయి. అంత పేదనేల మీద, అంత వేడిలో, ఏటా నెలల తరబడి నీరు లేకుండా పెరగడం వల్ల చెట్టు లావెక్కడం ఆలస్యమవుతుంది, చేవ పట్టడం ఇంకా ఆలస్యమవుతుంది. సారవంతమైన పొలంలో పెంచితే చెట్టు త్వరగా ఎదుగుతుంది గానీ, అడవి చెట్టుకున్నంత మేలైన చేవ రావడం లేదని చెప్పే రైతులు చాలామంది ఉన్నారు. దొంగల గొడ్డలి అడవి చెట్టునే వెతుక్కుంటూ రావడానికి కారణం ఈ చేవే.

ఈ చెట్టు జాబితాల చరిత్రను పరిశోధకుడు నడుస్తూనే వివరించారు. 1995లో ఎర్రచందనం అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండవ అనుబంధంలో, అంటే అనుమతితోనే ఎగుమతి చేయగల జాతుల పట్టికలో చేరింది. ఐయూసీఎన్ జాబితాలో 1990ల చివర అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా నమోదై, 2018లో ముప్పుకు చేరువైనదిగా రెండు మెట్లు దిగి, 2021లో మళ్లీ పాత స్థానానికే చేరింది. మెట్టు దిగినప్పుడు అడవిలో చెట్లు హఠాత్తుగా పెరగలేదు, మెట్టు ఎక్కినప్పుడు హఠాత్తుగా నశించనూ లేదు. మారినవి చేతికందిన ఆధారాలు, వాటిని బేరీజు వేసిన తీరు. ఇది జాబితాల లోపమని కొందరు అంటారు. కొత్త ఆధారం వచ్చినప్పుడు పాత నిర్ణయాన్ని బహిరంగంగా మార్చుకోగలగడం ఆ పద్ధతికి బలమని నేను అనుకుంటాను. అయితే ఆ మార్పులు కింద పనిచేసేవారికి అర్థమయ్యేలా చేరాలి. మెట్టు దిగిందన్న వార్త కాపలా తగ్గించవచ్చన్న వాదనకు దారితీస్తే నష్టపోయేది అడవే.

దారిలో నరికిన మొద్దు ఒకటి కనిపించింది. దాని మొదలు నుంచి పిలకలు వచ్చాయి, కొన్నింటి చివళ్లను పశువులు కొరికేశాయి. ఎర్రచందనానికి మొద్దు నుంచి చిగురించే శక్తి బాగా ఉంది. పశువులు, నిప్పు తగలకుండా కొన్నేళ్లు కాపాడితే పోయిన చెట్టు స్థానంలోనే మరొక చెట్టు లేస్తుంది. కాయతో పెంచడం ఇంత సులువు కాదు. కాయ పెంకు గట్టిది, లోపల సాధారణంగా ఉండేది ఒక్క గింజే, మొలిచే శాతం తక్కువ. నర్సరీల్లో కాయలను తడపడం, ఆరబెట్టడం పదేపదే చేసి పెంకు మెత్తబడిన తరువాతే మట్టిలో వేస్తారు. విత్తనం ఏ తల్లిచెట్టుది, ఏ కొండది అని రాసి ఉంచే నర్సరీకి, ఎక్కడి కాయలనో కలిపి మొక్కలు పెంచే నర్సరీకి తేడా ఉందని పరిశోధకుడు గట్టిగా చెప్పారు. మొక్కలెన్ని అన్న లెక్క ఎంత ముఖ్యమో, అవి ఎన్ని వేర్వేరు తల్లిచెట్ల సంతానం అన్న లెక్క కూడా అంతే ముఖ్యం.

ఈ అడవిలో నడుస్తూ 2015 ఏప్రిల్ 7ను తలచుకోకుండా ఉండలేం. ఆ రోజు శేషాచలంలో జరిగిన కాల్పుల్లో 20 మంది చనిపోయారు, వారంతా చెట్లు నరకడానికి తమిళనాడు నుంచి వచ్చినట్లు చెప్పిన పేదలు. దుంగ విలువలో వారికి దక్కేది అతి స్వల్పం, ప్రమాదం మాత్రం మొత్తం వారిదే. కాపలా అవసరమే, కాదనను. కానీ అడవి చుట్టూ ఉన్న ఊళ్లలోనూ, కూలీలు వచ్చే కొండల్లోనూ బతకడానికి మరొక దారి లేనంతవరకు, కాపలా ఒక్కటే చెట్టును నిలబెట్టలేదు. ప్రైవేటు తోటల్లో చట్టబద్ధంగా పెంచిన ఎర్రచందనానికి ఇప్పుడు కొంత వెసులుబాటు వచ్చింది. 2004 నుంచి భారత ఎర్రచందనం మీద కొనసాగిన సైటిస్ ప్రత్యేక సమీక్ష 2023 నవంబరులో ముగిసింది. తోటల కలప సక్రమంగా అమ్ముడైతే అడవి చెట్టు మీద ఒత్తిడి తగ్గుతుందన్నది ఆశ. దొంగ దుంగ తోట దుంగగా చలామణి కాకుండా చూడగలిగినప్పుడే ఆ ఆశ నెరవేరుతుంది.

మూడవ రోజు: తిరుమల కొండ

కొండ మీదికి వచ్చే లక్షల మంది చూడని అడవి అక్కడే, దారికి పక్కనే ఉంది. జాలారి, మొగి, తెల్లకరక, కొండ సాంబ్రాణి చెట్లను పరిశోధకుడు ఒకదాని తరువాత ఒకటి చూపించారు. ఇవన్నీ తూర్పు కనుమల్లోని ఈ చిన్న మేరకే పరిమితమైన జాతులు, ముప్పు జాబితాల్లో చోటు సంపాదించుకున్నవి. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం, 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతం ఏర్పడటానికి ఈ జాతులు ఒక ముఖ్య కారణం.

వీటన్నిటిలో నా మనసును పట్టుకున్నది ఇక్కడివారు పేరిత అనే సైకస్. మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన బెడోమ్ పేరు దీని శాస్త్రీయ నామంలో ఉంది. చూడటానికి పొట్టి ఈత మొక్కలా అనిపించినా, ఇది పూలు పూసే మొక్కలకంటే ఎంతో పురాతనమైన కుటుంబానికి చెందినది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్కకు వచ్చే శంకువును బలవర్ధకమని మందుల కోసం కోసుకుపోతారు. మొక్క చావదు కాబట్టి నష్టం కనిపించదు, కానీ పుప్పొడి అందక చుట్టుపక్కల ఆడ మొక్కలు గింజ కట్టవు. ఎండాకాలంలో మంటలు వస్తే ముదిరిన మొక్క తట్టుకుని మళ్లీ చిగురిస్తుంది, లేత మొలకలు మాడిపోతాయి. అంటే ముసలి మొక్కలు నిలిచి ఉండగానే జాతి లోలోపల సన్నగిల్లవచ్చు. చెట్ల గణనలో మొత్తం సంఖ్యతో పాటు మొలకలెన్ని, పిల్ల మొక్కలెన్ని, కాయ కాసేవెన్ని అని వరుసలు వేరుగా ఉండటానికి కారణం ఇదే. 2014 మార్చిలో ఈ కొండల్లో చెలరేగిన పెద్ద మంటల తరువాత, మంట పాకకుండా అడవిలో ఖాళీగా ఉంచే నిప్పు గీతలను సకాలంలో శుభ్రం చేయడం ఎంత అవసరమో అందరికీ తెలిసింది.

నాలుగవ రోజు: నేలపట్టు

శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా జాతీయ రహదారి ఎక్కి, దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరిగి నేలపట్టు చేరాం. 1976లో ఏర్పడిన ఈ పక్షుల సంరక్షణ కేంద్రం విస్తీర్ణం 459 హెక్టార్ల దాకా ఉంటుంది. దాని గుండె మాత్రం ఊరి చెరువు, ఆ చెరువు నీళ్లలో నిలబడిన, కడప అనే జాతి చెట్లు.

చెరువు కట్ట ఎక్కగానే ముందు వాసన, తరువాత చప్పుడు, ఆ తరువాతే పక్షులు. చెట్ల నెత్తి మీద గూడబాతులు, వాటి కింది కొమ్మల్లో నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, ఇంకా కింద నీటికాకులు, చింతవక్కలు. గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి దాదాపు భుజాల దాకా తల దూర్చి, తల్లి పులికాట్ నుంచి మింగి తెచ్చిన చేపను లాక్కుంటుంది. పిల్ల పెరిగేకొద్దీ ఆకలి పెరుగుతుంది, తల్లిదండ్రులు సరస్సుకు, చెరువుకు మధ్య తిరిగే తిరుగుళ్లు పెరుగుతాయి. గూడబాతు ఖండాలు దాటి వచ్చే పక్షి కాదు, నీటిని, చేపను వెతుక్కుంటూ దేశంలోనే చోట్లు మారే పక్షి. ఐయూసీఎన్ జాబితాలో అది ముప్పుకు చేరువైనదిగా ఉంది.

ఉపాధ్యాయిని, ఆమె బృందం ఇక్కడ పక్షులతో పాటు గూళ్లను కూడా లెక్కించారు. ఒక్కొక్క చెట్టుకు గుర్తు పెట్టుకుని, దాని మీద ఏ పక్షివి ఎన్ని గూళ్లు, వాటిలో ఎన్నింటిలో పిల్లలున్నాయి అని రాస్తారు. ఒకే చెట్టును ఇద్దరు విడివిడిగా లెక్కించి, తేడా వస్తే మళ్లీ చూస్తారు. పొద్దున ఎండ పక్కకు ఉన్నప్పుడు కట్ట మీది నుంచి ఒక వైపు, సాయంత్రం రెండవ వైపు. చెట్ల దగ్గరికి వెళ్తే పెద్ద పక్షులు లేచిపోయి పిల్లలు ఎండకు, కాకులకు చిక్కుతాయి కాబట్టి ఎంత కష్టమైనా దూరం నుంచే చూడాలన్నది వారి నియమం.

వారు రాసుకున్న కాగితం చూస్తూ పరిశోధకుడు ఒక ప్రశ్న వేశారు. ఇన్ని గూళ్లు మోస్తున్న కడప చెట్ల వయసెంత, వాటి తరువాతి తరం ఎక్కడుంది? కాగితంలో పక్షికి వరుసలున్నాయి, గూటికి వరుసలున్నాయి, చెట్టుకు మాత్రం గుర్తు సంఖ్య తప్ప మరేమీ లేదు. ఈ ప్రయాణంలో నేను విన్న అతి ముఖ్యమైన మాట ఇదే. కడప చెట్టు ఏ ముప్పు జాబితాలోనూ లేదు. మన చెరువుల్లో, వాగుల్లో, దేశమంతటా కనిపించే జాతి అది, వృక్ష నిపుణుల బృందం దాని గురించి ఆందోళన పడాల్సిన పని లేదు. పక్షుల బృందం దృష్టి పక్షి మీద ఉంటుంది. ఈ రెండు బృందాల చూపుకూ మధ్య, జాబితాలో ఉన్న పక్షిని మోస్తున్న జాబితాలో లేని చెట్టు నిలబడి ఉంది. ఏళ్ల తరబడి రెట్టలు పడి కొమ్మలు మాడిపోతాయి, గూళ్ల కోసం పక్షులే రెమ్మలు విరుస్తాయి, నీటిమట్టం ఎక్కువకాలం ఎక్కువగా ఉన్నా, అసలు లేకపోయినా కొత్త మొలకలు నిలదొక్కుకోవు.

చెట్టు పోతే పక్షి ఏం చేస్తుందో తెలుగు నేలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1946లో పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేరు పరిసరాల్లో, నాటి పశ్చిమ గోదావరి ప్రాంతంలో, సుమారు 3000 గూడబాతులు గూళ్లు పెట్టే చోటును కనుగొన్నారు. ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీద పెట్టిన గూళ్లవి. 1970ల నడిమికి ఆ స్థావరం అంతరించింది. చాలాకాలం తరువాత గూడబాతులు మళ్లీ కొల్లేరు పక్కన ఆటపాకలో గూళ్లు పెడుతున్నాయి గానీ, అక్కడ వాటికి ఆసరా అటవీ శాఖ నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్లు. ఆ స్టాండ్లు పక్షులను నిలబెట్టాయి, అందుకు కృతజ్ఞత చెప్పాల్సిందే. అయితే చెట్టు ఇచ్చే నీడను, పిల్ల జారిపడితే పట్టుకునే కింది కొమ్మను స్టాండు ఇవ్వలేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో పక్షులు ఎక్కువగా సర్కారు తుమ్మ మీద, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరి చింతచెట్ల మీద గూళ్లు పెడుతున్నాయి. నాలుగు చోట్లా చెట్టు వేరు, దాన్ని కాపాడే పద్ధతి వేరు కావాలి.

నేలపట్టు రైతుల్లో ఒక పెద్దాయన మమ్మల్ని కట్ట మీద కలిసి, “పక్షులు దిగిన ఏడు మా చెరువు నీళ్లు పారితే పైరుకు వేరే ఎరువు ఎందుకయ్యా” అన్నారు. రెట్టలు కలిసిన నీరు పొలానికి బలమని ఈ ఊరివారి నమ్మకం, గూడబాతులు రావడం శుభమని అంతకంటే గట్టి నమ్మకం. వేటకు వచ్చినవారిని ఊరివారే అడ్డుకున్న రోజులున్నాయని ఆయన చెప్పారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత నీరు ఉంచాలి అన్న నిర్ణయంలో ఇలాంటి రైతుకు చోటు లేకపోతే ఏ నిపుణుల నివేదికా చెరువులో నీటిని నిలపలేదు.

ఐదవ రోజు: పులికాట్

తెల్లవారకముందే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు వెళ్లే రోడ్డు మీదికి చేరాం. ఈ రోడ్డు సరస్సును అడ్డంగా కోస్తూ వెళ్తుంది, రెండు వైపులా కనుచూపు మేర లోతులేని నీరు. చిలికా తరువాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, దీనిలో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది.

ఆసియా నీటిపక్షుల గణన 1987లో మొదలైంది. ఏటా జనవరి నడిమిలో అనేక దేశాల్లో దాదాపు ఒకే రోజుల్లో జరుగుతుంది. చలికాలం నడుమ పక్షులు ఒకచోట స్థిరపడి ఉంటాయి, అంతటా ఒకేసారి లెక్కిస్తే ఒకే పక్షిని రెండు చోట్ల లెక్కించే ప్రమాదం తగ్గుతుంది. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, వెట్‌ల్యాండ్స్ ఇంటర్నేషనల్ ఈ పనిని సమన్వయం చేస్తున్నాయి. స్టాండు మీద బిగించిన టెలిస్కోపుతో ఉపాధ్యాయిని గుంపును ఒక అంచు నుంచి చూడటం మొదలుపెట్టి, ముందు పది పక్షులు ఎంత చోటు ఆక్రమించాయో కంటికి అలవాటు చేసుకుని, దాని నుంచి వందకు, వంద నుంచి మొత్తానికి వెళ్లారు. పక్కనున్న విద్యార్థి ఆమె సంఖ్య వినకుండా తన సంఖ్య వేసుకున్నాడు. రాజహంసలు తల తలకిందులుగా ముంచి, ముక్కు అంచుల్లోని జల్లెడతో బురదనీటిని వడగట్టుకుంటూ ముందుకు నడుస్తున్నాయి. వాటికి అవతల సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, ఒడ్డు బురదలో నల్లతోక గాడ్విట్లు.

ఈ సంఖ్యలు ఎందుకంటే, ఒక జాతి లేదా ఒక వలస సమూహంలో 1 శాతం పక్షులు క్రమం తప్పకుండా వచ్చే చిత్తడి నేలను అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్నదిగా రామ్‌సర్ ఒప్పందం గుర్తిస్తుంది. ఆ 1 శాతం ఎంతో తెలియాలంటే మొత్తం ఎంతో తెలియాలి, మొత్తం తెలియాలంటే 30 దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస మార్గమంతటా ఇలాంటి ఉపాధ్యాయినులు, విద్యార్థులు చలిలో నిలబడి లెక్కించాలి. 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో వలస జీవుల ఒప్పంద దేశాలు సమావేశమైనప్పుడు ఈ మార్గం గురించి భారత్ బాధ్యత తీసుకుంది, 2024లో సమర్కండ్ సమావేశం దాని సమన్వయ విభాగాన్ని భారత్‌లో ఏర్పాటు చేయడానికి ఆమోదం తెలిపింది.

మధ్యాహ్నం భీములవారిపాలెం దగ్గర పడవ నడిపే మత్స్యకారులతో మాట్లాడాం. వారి మాటలన్నీ ముఖద్వారాల చుట్టూ తిరిగాయి. ఇసుక మేట వేసి సముద్రపు నీరు లోపలికి రావడం తగ్గితే సరస్సు ఉత్తర భాగం వేసవికి ముందే ఎండిపోతుంది, రొయ్య పిల్లలు, చేప పిల్లలు లోపలికి రావు. చేప తగ్గితే యానాదుల వలలూ ఖాళీ, నేలపట్టు గూళ్లలో పిల్లల నోళ్లూ ఖాళీ. ముఖద్వారం తవ్వించమని మత్స్యకారులు అడిగేది తమ బతుకు కోసమే అయినా, గూడబాతుల తరఫున అంతకంటే బలమైన అర్జీని మరెవరూ రాయలేరు. తవ్విన ఇసుక ఎక్కడ పోయాలి, ఎంత లోతు చాలు, తవ్వడం ఏ నెలల్లో పక్షులకు ఇబ్బంది కలిగించదు అన్న ప్రశ్నల దగ్గర పక్షుల నిపుణుల సలహా అవసరమవుతుంది.

ఆరవ రోజు: సూళ్లూరుపేట

చివరి రోజు పొద్దంతా లెక్కలు సరిచూడటంతో గడిచింది. ఇద్దరి సంఖ్యల మధ్య పెద్ద తేడా ఉన్న చోట్ల ఫొటోలు తెరిచి మళ్లీ లెక్కించారు. అనుమానం తీరని పక్షులను జాతి పేరుతో కాకుండా కుటుంబం పేరుతోనే నమోదు చేశారు. తెలియనిదాన్ని తెలిసినట్లు రాయకపోవడంలో వారు చూపిన పట్టుదల నాకు ఎంతో నచ్చింది.

మధ్యాహ్నం పరిశోధకుడు, ఉపాధ్యాయిని కలిసి నేలపట్టు గణన పత్రానికి కొత్త వరుసలు గీశారు. చెట్టు జాతి, మొదలు చుట్టుకొలత, ఎండిన కొమ్మల పాలు, చుట్టూ ఉన్న మొలకల సంఖ్య, చెట్టు నీటిలో నిలిచే నెలలు. చుట్టుకొలత, మొలకల లెక్క వేసవిలో చెరువు తగ్గి పక్షులు వెళ్లిపోయిన తరువాత తీయాలని, గూళ్ల లెక్క ఎప్పటిలాగే జనవరిలో తీయాలని, రెండింటినీ చెట్టు గుర్తు సంఖ్యతో కలపాలని అనుకున్నారు. కడప గింజలను ఈ చెరువు చెట్ల నుంచే సేకరించి పెంచడానికి అటవీ సిబ్బందిని, తూము నీటి విషయం మాట్లాడటానికి ఊరి రైతులను కలవాలని రాసుకున్నారు. అనుమతి కోసం ఇవ్వాల్సిన దరఖాస్తును ఆ సాయంత్రమే తయారుచేసి, ఏప్రిల్ చివరి వారాన్ని మొదటి కొలతలకు ఖాయం చేసుకున్నారు.